వెనక హౌసింగ్ ఆయిల్ డ్రమ్ములోకి కారుతోందా? సీల్ మార్చే పద్ధతి, మళ్లీ కారకుండా చూసుకోవాల్సినవి

"సీల్ కొత్తది వేయించాం, నెల తిరక్కుండా మళ్లీ డ్రమ్ము తడిసింది, ఇప్పుడేం చేయాలి?" వెనక హౌసింగ్ (వెనక రెండు చక్రాల మధ్య ఉండే, షాఫ్ట్‌లు, గేర్లు, ఆయిల్ ఉండే ఇనుప గొట్టం) గురించి ఎప్పుడు రాసినా ఇదే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది, అందుకే ఈసారి మొదటి నుంచి చివరిదాకా ఒకేచోట రాస్తున్నాను. సీల్ అంటే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు, అది ఊరికే పాడవదు. బ్రీదర్ (హౌసింగ్‌లోని గాలి బయటికి పోయే దారి) పూడుకుపోవడం, ఆయిల్ లెవెల్ దాటి పోయడం, బేరింగ్ అరిగి షాఫ్ట్ ఊగడం, షాఫ్ట్ మీద సీల్ తిరిగే చోట గాడి పడటం, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి దాన్ని పాడు చేసి ఉంటుంది. అది చూడకుండా సీల్ ఒక్కటి మార్చి బండి ఇచ్చేస్తే కొత్త సీలూ అదే దారి పడుతుంది. మార్చే పని కష్టమైనది కాదు. చూడాల్సినవి చూడటంలోనే అసలు పని ఉంది.

ఇక్కడ చెప్పేది ఓమ్ని, ఈకో, జిప్సీ, క్వాలిస్ లాంటి బండ్ల గురించి, అంటే వెనక చక్రాలకి పవర్ వెళ్లే, చక్రం నేరుగా దాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్ట్‌కే బిగించి ఉండే రకం. మిగతా జీపులు, పికప్‌లకీ దాదాపు ఇదే పద్ధతి, తేడా ఉన్నచోట చెబుతాను. లారీలు, పెద్ద పికప్‌లలో చక్రం మధ్యలో షాఫ్ట్ ఫ్లాంజ్‌కి (షాఫ్ట్ కొసనుండే వెడల్పాటి బిళ్ల) బోల్టుల వరస బయటికే కనిపిస్తుంది, వాటిది వేరే పద్ధతి, దాని గురించి చివర్లో రెండు మాటలు.

మీది ఆల్టో, స్విఫ్ట్, ఐ20 లాంటి కారైతే ఇది మీ సమస్య కాదు. వాటికి వెనక హౌసింగే ఉండదు. వెనక చక్రం దగ్గర తడి కనిపిస్తే అది బ్రేక్ ఆయిల్ గానీ, షాకబ్జర్ ఆయిల్ గానీ అయి ఉంటుంది. బ్రేక్ ఆయిల్ అయితే బండి అక్కడే ఆపి మెకానిక్‌ని పిలవండి.

ముందు ఆ ఆయిల్ ఏదో తేల్చుకోండి

చక్రం లోపలి వైపు, బ్రేక్ ప్లేటు కింది అంచున తడి కనిపించగానే హౌసింగ్ ఆయిలే అనుకుని పని మొదలుపెట్టేస్తారు. ఆ ప్లేటు వెనకే వీల్ సిలిండర్ (బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో బ్రేక్ షూలని తోసేది) కూడా ఉంటుంది, అది కారినా తడి కనిపించేది అక్కడే. తేడా తెలుసుకోవడం చాలా తేలిక.

వేలికి కొంచెం అంటించుకుని వాసన చూడండి. హౌసింగ్‌లో పోసే గేర్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, గంధకం ఘాటు కొడుతుంది, ఒకసారి వాసన చూస్తే ఇక మర్చిపోరు. బ్రేక్ ఆయిల్ పలచగా ఉంటుంది, అంత ఘాటు ఉండదు. ఇంకా అనుమానంగా ఉంటే గ్లాసుడు నీళ్లలో రెండు చుక్కలు వేసి కలపండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, గేర్ ఆయిల్ కలవదు, పైన తెట్టులా తేలుతుంది. చేయి మాత్రం సబ్బుతో కడుక్కోండి, బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని కూడా తినేస్తుంది, బాడీకి తగలనివ్వకండి.

తర్వాత ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. బండి నడుస్తున్నప్పుడు గాలికి ఆయిల్ వెనక్కి పాకి హౌసింగ్ అంతా నల్లగా మట్టి పట్టి ఉంటుంది, ఆ స్థితిలో చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు. డీజిల్, బ్రష్షుతో హౌసింగ్ మొత్తం కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, మామూలు టాల్కం పౌడర్ పలచగా చల్లండి. మధ్యలో గుండ్రంగా ఉండే క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం) భాగం చుట్టూ, ముందు వైపు జాయింట్ కప్లింగ్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ కలిసే చోటు) దగ్గర, డ్రెయిన్ బోల్టు చుట్టూ, రెండు వైపులా బ్రేక్ ప్లేట్ల లోపలి ముఖం మీద. ఇరవై ముప్ఫై కిలోమీటర్లు తిప్పి వచ్చి టార్చి వేసి చూడండి. ఆయిల్ పుట్టిన చోట పౌడర్ తడిసి ముద్దగా, ముదురు రంగులో ఉంటుంది, అక్కడి నుంచి సన్నటి గీత కిందికి దిగి ఉంటుంది. గీత పైకొస ఎక్కడుందో అదే మీ లీకేజీ. కిందికొస చూసి మోసపోకండి.

కప్లింగ్ దగ్గరైతే పినియన్ (క్రౌన్‌ని తిప్పే చిన్న పళ్ల చక్రం) సీల్, క్రౌన్ భాగం అంచున అయితే ప్యాకింగ్, బ్రేక్ ప్లేటు మీద అయితే షాఫ్ట్ సీల్. ఎక్కువ మందికి వచ్చేదీ, ఎక్కువ ప్రమాదమైనదీ ఈ మూడోదే, ఎందుకంటే ఆ ఆయిల్ నేరుగా బ్రేక్ షూల మీదికి దిగుతుంది. పైకి చుక్క కూడా కనబడకుండా డ్రమ్ము లోపలే నిండుతూ ఉండొచ్చు. బ్రేక్ కొట్టగానే బండి ఒక పక్కకి లాగుతుంటే, హ్యాండ్‌బ్రేక్ ఒక చక్రాన్నే పడుతుంటే డ్రమ్ము విప్పి చూడాల్సిందే.

సీల్ కొనడానికి ముందే బ్రీదర్

హౌసింగ్ పై భాగంలో, చాలా బండ్లలో ఒక పక్కకి, బొటనవేలు గోరంత చిన్న మూత గానీ, దానికి తగిలించిన రబ్బరు పైపు గానీ ఉంటుంది. బండి నడిచి ఆయిల్ వేడెక్కినప్పుడు లోపలి గాలి పెరుగుతుంది, ఆ గాలి బయటికి పోయే దారి అదే. మన దగ్గర పొలం బాటల్లో, వాగుల్లో, దమ్ము చేసిన మడి గట్ల మీద తిరిగే బండ్లకి అది మట్టితో పూడిపోవడం మామూలే. దారి మూసుకుపోతే గాలి సీల్‌ని తోసుకుని బయటికి వస్తుంది, దాంతోపాటు ఆయిల్ కూడా. అలాంటి బండికి సీళ్లు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు.

మూత రకమైతే విప్పి డీజిల్‌లో నానబెట్టి, వేలితో తిప్పితే తేలిగ్గా తిరిగేదాకా కడగండి. పైపు రకమైతే విడదీసి నోటితో ఊదండి, గాలి ఆడాలి. తుప్పుపట్టి కదలకపోతే కొత్తది వేయండి, ఖర్చు పెద్దగా ఉండదు. నీళ్లలో తరచూ దిగే బండికి బ్రీదర్ దగ్గర నుంచి ఆయిల్ తట్టుకునే రబ్బరు పైపు వేసి, పైకి ఛాసిస్ ఎత్తుకి తీసుకెళ్లి కట్టించుకోవడం మంచిది. వేడి మీద ఉన్న హౌసింగ్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నీళ్లని లోపలికి లాగుతుంది.

అలాగే లెవెల్ కూడా ఇప్పుడే చూడండి. బండి చదునైన నేల మీద, నాలుగు చక్రాల మీద ఉండగా ఫిల్లర్ బోల్టు విప్పితే ఆయిల్ ఆ రంధ్రం కింది అంచుదాకా ఉండాలి. విప్పగానే ధారగా బయటికి కారితే ఎవరో ఎక్కువ పోశారన్నమాట. అది ఆగేదాకా కారనిచ్చి, బ్రీదర్ కూడా కడిగి, పౌడర్ పరీక్ష మళ్లీ ఒకసారి చేయండి. కొన్ని బండ్లకి అక్కడితోనే లీకేజీ ఆగిపోతుంది. అయితే డ్రమ్ము లోపలికి ఇప్పటికే ఆయిల్ దిగి ఉంటే మాత్రం విప్పక తప్పదు.

కావాల్సినవి

జాకీ, రెండు గట్టి స్టాండ్లు, ముందు చక్రాలకి అడ్డం పెట్టడానికి చెక్క మొద్దులు. రింగ్ పానాలు, బాక్స్ పానాల సెట్టు, బ్రేక్ పైపు విప్పే పానా, సుత్తి, పెద్ద స్క్రూడ్రైవర్, దొరికితే స్లైడ్ హామర్ (జారే బరువుతో షాఫ్ట్‌ని బయటికి లాగే పనిముట్టు). టార్క్ పానా ఉంటే మంచిది. కొత్త సీల్, షాఫ్ట్ ప్లేటు దగ్గర ప్యాకింగ్ గానీ ఓ-రింగ్ గానీ ఉంటే అది, డ్రెయిన్ బోల్టు వాషర్, గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, బ్రేక్ క్లీనర్ స్ప్రే, గ్రీజు, సన్నటి ఎమెరీ పేపరు, వేస్ట్ క్లాత్, పాత ఆయిల్ పట్టుకోవడానికి వెడల్పాటి తట్ట.

సీల్ కొనేటప్పుడు బండి పేరు చెప్పి ఊరుకోకండి. ఒకే బండికి సంవత్సరాన్ని బట్టి హౌసింగ్ మారుతుంది. పాత సీల్ మీద 35, 52, 8 అన్నట్టు మూడు అంకెలు ఉంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. పాతదాన్ని తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకుని తెచ్చుకోండి. ఎడమ, కుడి వైపులకి వేర్వేరు సీళ్లు ఉండే బండ్లూ ఉన్నాయి.

ఆయిల్ విషయం. షాపులో "90 నంబరు" అంటే ఇచ్చేస్తారు, కానీ డబ్బా మీద జీఎల్-5 అని ఉందో లేదో చూడండి. గేర్‌బాక్స్ కోసం అమ్మే జీఎల్-4 ఆయిల్ క్రౌన్, పినియన్ పళ్ల మీద పడే ఒత్తిడికి చాలదు. గ్రేడు మీ మాన్యువల్‌లో ఏది ఉంటే అది. లీకేజీ ఆగుతుందని ఇంకా చిక్కటి 140 నంబరు పోసేవాళ్లున్నారు, కారడం నాలుగు రోజులు నెమ్మదిస్తుందేమో గానీ చిరిగిన సీల్ అతుక్కోదు.

పని మొదలు

1. చదునైన గట్టి నేల మీద బండి ఆపి, ముందు చక్రాలకి రెండు వైపులా మొద్దులు పెట్టండి. చక్రం నట్లు నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయండి. జాకీతో వెనక ఎత్తి, హౌసింగ్ గొట్టాల కింద స్టాండ్లు పెట్టి, బండి బరువు వాటి మీదికి దించండి. ఒట్టి జాకీ మీద, ఇటుకల మీద బండి నిలబెట్టి కిందికి దూరొద్దు. ఇటుక బరువుకి చెప్పకుండా పగులుతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వదలండి, లేకపోతే డ్రమ్ము రాదు.

2. చక్రం విప్పకముందే బేరింగ్ చూడండి. టైరుని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. టకటకమని ఆడితే బేరింగ్ పోయినట్టే. తర్వాత చక్రం చేత్తో తిప్పుతూ ఇంకో చేయి స్ప్రింగ్ పట్టీ మీద ఆనించండి, బేరింగ్ గరగరలాడుతుంటే ఆ అదురు చేతికి తెలుస్తుంది. షాఫ్ట్ ఊగుతుంటే సీల్ లిప్ (షాఫ్ట్‌ని తాకే లోపలి అంచు) ఒక పక్క నొక్కుకుని ఇంకో పక్క సందు ఇస్తుంది, కాబట్టి బేరింగ్ మార్చకుండా సీల్ మార్చడం డబ్బు దండగ.

3. చక్రం తీసి డ్రమ్ము తీయండి. బిగుసుకుపోయి ఉంటే చాలా డ్రమ్ములకి ముఖం మీద రెండు మరల రంధ్రాలుంటాయి, వాటిలో సరిపోయే బోల్టులు ఎక్కించి ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తే డ్రమ్ము తనే బయటికి వస్తుంది. అప్పటికీ రాకపోతే లోపలి అంచున గట్టు కట్టి షూలు పట్టుకున్నాయని అర్థం, అడ్జస్టర్ వదులు చేయండి. డ్రమ్ము అంచున సుత్తితో బలంగా కొట్టకండి, పోత ఇనుము పగిలిపోతుంది. లోపలి పొడిని గాలి కొట్టి ఎగరగొట్టవద్దు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడవండి.

4. ఆయిల్ దింపేయండి. ఇక్కడ ఒక్కటి గుర్తుంచుకోండి. ముందు ఫిల్లర్ బోల్టు విప్పాలి, ఆ తర్వాతే కింది డ్రెయిన్ బోల్టు. ముందు ఆయిల్ మొత్తం దింపేసి తర్వాత ఫిల్లర్ బోల్టు తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. దిగిన ఆయిల్ రంగు చూడండి. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరాయి, బ్రీదర్ గానీ సీల్ గానీ దారి ఇచ్చింది. డ్రెయిన్ బోల్టుకి అయస్కాంతం ఉంటే దానికి బూడిదలాంటి సన్నటి పొడి అంటుకోవడం మామూలే, గోరంత ముక్కలు, రేకులు కనిపిస్తే క్రౌన్ విప్పించి చూపించాలి.

5. షాఫ్ట్ లాగడం. చక్రం బోల్టులు ఉండే ఫ్లాంజ్‌కి రంధ్రం ఉంటుంది, అందులోంచి గానీ, బ్రేక్ ప్లేటు వెనక నుంచి గానీ నాలుగు నట్లు కనిపిస్తాయి. అవి విప్పాలి. కొన్ని బండ్లలో షాఫ్ట్‌తోపాటు బ్రేక్ ప్లేటు కూడా వచ్చేస్తుంది, అలాంటప్పుడు ముందు బ్రేక్ పైపు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ విడదీసి, పైపు కొసకి రబ్బరు మూత పెట్టండి. ఏబీఎస్ ఉన్న బండి అయితే సెన్సర్ తీసి పక్కన పెట్టాలి, లేదంటే షాఫ్ట్ లాగేటప్పుడు అది విరుగుతుంది.

స్లైడ్ హామర్ ఉంటే ఫ్లాంజ్‌కి బిగించి రెండు మూడు దెబ్బలు. లేకపోతే డ్రమ్ముని తిరగేసి బోల్టుల మీద పెట్టి, నట్లు కొసకి నాలుగు మరలు మాత్రమే ఎక్కించి, రెండు చేతులతో డ్రమ్ముని గట్టిగా మీ వైపు గుంజండి. అది వచ్చి నట్లకి కొట్టుకున్న ప్రతిసారీ షాఫ్ట్ కొంచెం కొంచెం బయటికి వస్తుంది. షాఫ్ట్ వెనక మీ కాళ్లు, పిల్లలు ఎవరూ లేకుండా చూసుకోండి. పాత జీపుల్లో హబ్ విడిగా కీ మీద కూర్చుని ఉంటుంది, దానికి పుల్లర్ తప్పనిసరి, సుత్తితో కొడితే లోపల బేరింగ్‌లు దెబ్బతింటాయి. వాటిలోనే ప్లేటు దగ్గర పలచటి షిమ్‌లు (సందు సరిచేసే రేకు రింగులు) కూడా ఉంటాయి. ఎన్ని ఉన్నాయో, ఎటు ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకుని, అన్నీ అలాగే తిరిగి వేయాలి, అవి మారితే బేరింగ్ బిగువు మారిపోతుంది.

6. పాత సీల్ హౌసింగ్ గొట్టం కొసలో కూర్చుని ఉంటుంది. తీయకముందు అది అంచు నుంచి ఎంత లోపలికి ఉందో స్కేలు పెట్టి కొలుచుకోండి. సీల్ పుల్లర్ గానీ, కొక్కెంలా వంచిన స్క్రూడ్రైవర్ గానీ లోపలి అంచుకి తగిలించి మీటండి. గొట్టం గోడకి గీత పడకూడదు, పడితే కొత్త సీల్ బయటి అంచు నుంచే ఆయిల్ కారుతుంది. పడిందనుకోండి, సన్నటి ఎమెరీతో పైకి లేచిన చోట మాత్రం సాఫు చేయండి.

7. ఇప్పుడు షాఫ్ట్‌ని తుడిచి, సీల్ తిరిగే చోట వెలుతురులో చూడండి. అక్కడ మెరుస్తూ ఒక పట్టీ ఉంటుంది. బొటనవేలి గోరుని షాఫ్ట్ పొడవునా ఆ పట్టీ మీదుగా జరపండి. గోరు జారిపోతే షాఫ్ట్ బాగున్నట్టు. టక్కున ఆగితే గాడి పడింది, కొత్త సీల్ లిప్ ఆ గాడిలో కూర్చుంటే ఒత్తిడి చాలదు. ఇలాంటప్పుడు మూడు దారులు. హౌసింగ్‌లో చోటు ఉంటే కొత్త సీల్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెడితే లిప్ గాడి పక్కన కొత్త చోట తిరుగుతుంది. అందుకే ఇందాక కొలుచుకోమన్నాను. చోటు లేకపోతే షాఫ్ట్ మీద తొడిగే పలచటి రిపేర్ స్లీవ్ దొరుకుతుంది. గాడి మరీ లోతుగా ఉంటే షాఫ్ట్ మార్చడమే. ఎమెరీ పెట్టి గాడి అరగదీద్దామనుకోవద్దు, షాఫ్ట్ ఇంకా సన్నబడుతుంది. తుప్పు మచ్చలు తీయడానికి ఎమెరీ వాడినా షాఫ్ట్ చుట్టూతా తిప్పుతూ రుద్దండి, పొడుగునా రుద్దితే ఆ గీతలే ఆయిల్‌కి కాలువలవుతాయి.

8. బేరింగ్ మార్చాల్సి వస్తే ఆ పని ఇంట్లో వద్దు, షాఫ్ట్ తీసుకుని ప్రెస్సు ఉన్న లేత్ షాపుకి వెళ్లండి. బేరింగ్ వెనక దాన్ని పట్టి ఉంచే కాలర్ ఉంటుంది. షాఫ్ట్‌ని, దానికున్న చక్రాన్ని బండిలో ఆపేది ఆ కాలరే. పాత కాలర్‌ని మళ్లీ వాడనివ్వకండి, ఒకసారి తీశాక దాని పట్టు పోతుంది, నడుస్తున్న బండిలోంచి చక్రం షాఫ్ట్‌తో సహా బయటికి వచ్చేస్తుంది. తీసేటప్పుడు గ్యాస్ కటింగ్ పెట్టనివ్వకండి, షాఫ్ట్ ఉక్కు పదును పోతుంది. కాలర్‌ని గ్రైండర్‌తో కొంతమేర కోసి, ఉలితో పగలగొట్టి తీయడం సరైన పద్ధతి, గ్రైండర్ షాఫ్ట్‌ని తాకకూడదు. కొత్తది ఎక్కించేటప్పుడు బేరింగ్ కన్నా ముందు షాఫ్ట్ మీదికి నాలుగు నట్లతో బిగించే ప్లేటు ఎక్కించారో లేదో పక్కనే నిలబడి చూసుకోండి. మర్చిపోతే మళ్లీ కొత్త కాలర్, కొత్త బేరింగ్.

9. కొత్త సీల్ వేయడం. సీల్ లోపల సన్నటి స్ప్రింగ్ కనిపించే వైపు ఆయిల్ వైపుకి, అంటే బండి మధ్యకి ఉండాలి. తిరగేసి వేస్తే మొదటి రోజే కారుతుంది. లిప్‌కి గ్రీజు రాయండి, పొడిగా వేస్తే మొదటి కొద్ది కిలోమీటర్లలోనే కాలిపోతుంది. సీల్ బయటి అంచు ఒట్టి రేకు అయితే దానికి సిలికాన్ పలచగా రాయొచ్చు, రబ్బరు అయితే సిలికాన్ వద్దు, కొంచెం ఆయిల్ చాలు. సీల్ బయటి వ్యాసం కన్నా కాస్త చిన్నగా ఉన్న బాక్స్ పానా గానీ, పైపు ముక్క గానీ పెట్టి మెల్లగా, నిటారుగా కొట్టండి. దెబ్బ దెబ్బకీ చుట్టూ వేలు పెట్టి చూసుకోండి, ఒక పక్క ఎక్కువ దిగితే అక్కడే ఆపి సరిచేయాలి. సుత్తితో నేరుగా సీల్ మీద ఒక పక్క, తర్వాత ఇంకో పక్క కొడుతూ దింపడం షాపుల్లో ఎక్కువగా చూస్తుంటాం, రేకు వంకరపోయి లిప్ గుండ్రం చెడుతుంది. దిగడం పూర్తయ్యాక లోపల స్ప్రింగ్ తన గాడిలోనే ఉందో లేదో వేలితో తడిమి చూడండి, దెబ్బలకి ఊడిపోయి ఉండొచ్చు.

10. షాఫ్ట్‌ని లోపలికి పంపేటప్పుడు అసలు జాగ్రత్త. దాని కొసకి పళ్లుంటాయి, బరువు కిందికి వాలి ఆ పళ్లు సీల్ లిప్ మీద ఒరుసుకుంటే సన్నగా కోసుకుపోతుంది, కంటికి కనబడదు. ఇంకొకరి సాయం తీసుకోండి. ఒకరు బయటి కొస పట్టుకుంటే ఇంకొకరు మధ్యలో కింద చేయి వేసి ఎత్తి పట్టాలి, అలా గొట్టం మధ్యలోంచి పంపండి. క్రౌన్ దగ్గరికి చేరాక ఫ్లాంజ్‌ని అటూ ఇటూ కొంచెం తిప్పితే పళ్లు కలుస్తాయి. కలవకపోతే కొట్టొద్దు, ఇంకాస్త ఎత్తి మళ్లీ తిప్పండి. ప్యాకింగ్ లేదా ఓ-రింగ్ కొత్తది వేసి, నాలుగు నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి బిగించండి.

11. బ్రేకులు. ఆయిల్ తాగిన షూలని పెట్రోల్‌లో కడిగి, మంట మీద కాల్చి మళ్లీ వేస్తుంటారు. దయచేసి వేయనివ్వకండి. ఆయిల్ లైనింగ్ లోపలికి ఇంకి ఉంటుంది, పైన ఆరినట్టు కనబడ్డా ఘాట్ దిగేటప్పుడు వేడెక్కి మళ్లీ పైకి ఊరుతుంది, సరిగ్గా బ్రేక్ కావాల్సిన చోట పట్టదు. కొత్త షూలు, అవి కూడా రెండు వైపులా. ఒక వైపు కొత్తవి, ఇంకో వైపు పాతవి ఉంటే బండి ఒక పక్కకి లాగుతుంది. డ్రమ్ముని సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక బ్రేక్ క్లీనర్ కొట్టి తుడవండి. కిరోసిన్‌తో కడిగి వదిలేస్తే జిడ్డు పొర మిగిలిపోతుంది. బ్రేక్ పైపు విప్పి ఉంటే వెనక రెండు చక్రాల దగ్గరా బ్రేక్ పైపులో చేరిన గాలి తీయండి, అడ్జస్టర్, హ్యాండ్‌బ్రేక్ సరిచేసుకోండి.

12. డ్రెయిన్ బోల్టు కొత్త వాషర్‌తో బిగించి, చక్రాలు ఎక్కించి, బండిని నేల మీదికి దించి, చక్రం నట్లు ఎదురెదురుగా బిగించాక ఆయిల్ పోయండి. స్టాండ్ల మీద వాలుగా ఉండగా పోస్తే లెవెల్ తప్పుతుంది. ఫిల్లర్ రంధ్రం అంచుదాకా వచ్చి సన్నగా కారడం మొదలవగానే ఆపి, కారడం ఆగాక బోల్టు బిగించండి. "ఇంకో గ్లాసు పోస్తే క్రౌన్‌కి మంచిది" అని ఎవరన్నా ఒప్పుకోవద్దు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

బయల్దేరే ముందు ఇంజిన్ ఆన్ చేసి బ్రేక్ పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిగా నిలబడాలి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ బ్రేక్ కొట్టి చూడండి, ఏ పక్కకీ లాగకూడదు.

పది కిలోమీటర్లు తిప్పి ఆపాక రెండు వెనక డ్రమ్ముల దగ్గరికీ చేయి తీసుకెళ్లండి, ముందే ముట్టుకోకండి, కాలొచ్చు. రెండింటి వేడీ దాదాపు ఒకేలా ఉండాలి. ఒకటి బాగా ఎక్కువ వేడిగా ఉంటే షూలు బిగుతుగా ఉన్నాయి లేదా బేరింగ్ బిగిసింది. ఆ రాత్రి రెండు బ్రేక్ ప్లేట్ల కిందా అట్టముక్కలు వేసి పొద్దున చూడండి. మర్నాడు పౌడర్ పరీక్ష మళ్లీ చేయండి. మొదటి రోజుల్లో లిప్‌కి రాసిన గ్రీజు కొంచెం కరిగి బయటికి రావచ్చు, బ్రేక్ ప్లేటు లోపలి ముఖం మీద పలచటి మరకలా ఉంటుంది, తుడిచాక మళ్లీ రాకపోతే భయం లేదు. తుడిచిన ప్రతిసారీ వస్తుంటే సీల్ కూర్చోవడంలోనే తేడా ఉంది.

500 కిలోమీటర్ల తర్వాత ఒకసారి ఫిల్లర్ బోల్టు విప్పి లెవెల్ చూడండి, చిటికెన వేలు రంధ్రంలో పెట్టి కిందికి వంచితే కొసకి ఆయిల్ తగలాలి. తగలకపోతే ఎక్కడో పోతోంది. అదే రోజు డ్రమ్ము ఒకటి విప్పి లోపల పొడిగా ఉందో లేదో చూసుకుంటే ఇక టెన్షన్ ఉండదు.

లీకేజీ పినియన్ దగ్గరైతే

కప్లింగ్ తిరిగే వేగానికి ఆయిల్ చిమ్మి, సరిగ్గా దాని పైనున్న ఫ్లోర్ రేకు మీద అడ్డగీతలా మరక పడి ఉంటుంది, అదే గుర్తు. సీల్ మార్చడం చూడ్డానికి తేలికే, జాయింట్ విప్పి, మధ్య నట్టు తీసి, కప్లింగ్ లాగి, సీల్ మార్చి మళ్లీ బిగించడం. చిక్కంతా ఆ నట్టు దగ్గరే. చాలా హౌసింగ్‌లలో ఆ నట్టు బిగువే పినియన్ బేరింగ్‌ల బిగువుని నిలబెడుతుంది, లోపల నలిగే స్పేసర్ ఒకటి ఉంటుంది. ఎడాపెడా బిగిస్తే స్పేసర్ ఎక్కువ నలిగి బేరింగ్‌లు వేడెక్కి కాలిపోతాయి, తక్కువ బిగిస్తే క్రౌన్ ఊళ పెడుతుంది. విప్పకముందు నట్టు, పినియన్ కొస, కప్లింగ్ మూడింటి మీదా ఒకే గీత పంచ్‌తో కొట్టుకుని, నట్టు బయట ఎన్ని మరలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టుకోండి. మళ్లీ ఆ గీతకే తేవాలి. ఈ పని మీరే మొదటిసారి చేస్తున్నట్టయితే క్రౌన్ పని తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి, బిగించాక పినియన్ తిరిగే బిగువు కొలిచి చూడమని అడగండి. నట్టు విప్పడానికి ఎయిర్ గన్ వాడినా, బిగించడానికి మాత్రం వాడనివ్వకండి.

కప్లింగ్ మీద సీల్ తిరిగే చోట కూడా గోటి పరీక్ష చేయాలి. గాడి పడితే కప్లింగ్ మార్చడం షాఫ్ట్ మార్చడం కన్నా చవక.

క్రౌన్ భాగం అంచున లీకేజీ అయితే విప్పి పాత ప్యాకింగ్ పూర్తిగా గీకేసి, రెండు ముఖాలూ జిడ్డు లేకుండా తుడిచి, కొత్త ప్యాకింగ్ గానీ సన్నటి సిలికాన్ గీత గానీ వేయాలి, బోల్టు రంధ్రాల లోపలి వైపు నుంచి తిప్పుకుంటూ. సిలికాన్ డబ్బా మీద రాసిన సమయం ఆరనివ్వకుండా ఆయిల్ పోయకండి. బయటి నుంచి ఎం-సీల్ పూసి లీకేజీ ఆపడం దారిలో ఇంటికి చేరడానికి పనికొస్తుంది, అంతకు మించి కాదు.

లారీ రకం హౌసింగ్‌లో చక్రం బరువు హబ్ మీద ఉంటుంది, షాఫ్ట్ ఒట్టినే లాగేయొచ్చు. అక్కడ ఫ్లాంజ్ ప్యాకింగ్ దగ్గర కారితే ప్యాకింగ్ మారిస్తే చాలు. డ్రమ్ములోకి వస్తే హబ్ సీల్ మార్చాలి, దానికి హబ్ దించి, బేరింగ్‌లు మళ్లీ సరిగ్గా సెట్ చేసుకోవాలి. హబ్ బరువు ఎక్కువ, ఒక్కరే దించడానికి పూనుకోవద్దు.

దింపిన పాత ఆయిల్‌ని కాలువలో, చెట్ల మొదట్లో, చెదలు రావని కర్రలకీ పోయకండి. మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్ పీపా పెట్టుకున్న వర్క్‌షాప్‌లో ఇస్తే తీసుకుంటారు. ఆయిల్ తడిసిన గుడ్డలు ఇంట్లో కుప్పగా వదిలేయకుండా విడివిడిగా ఆరబెట్టి పారేయండి.